ఫ్లాష్ అప్‌డేట్ చేయమని అడుగుతోంది, చేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎక్కువగా అమ్మే వాడుతుంది. ఈ మధ్య బ్రౌజర్ తెరిస్తే చాలు, ఫ్యాన్ హోరెత్తిపోతోంది. ఏ పేజీ రావాలన్నా ఎంతసేపో పడుతోంది. దానికి తోడు ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని స్క్రీన్ మూలన ఒక బాక్స్ వస్తూనే ఉంది. అమ్మ ఒకసారి దాన్ని నొక్కిందట కూడా. నేను లోపల చూస్తే ఫ్లాష్, జావా రెండు వెర్షన్లు, సిల్వర్‌లైట్, క్విక్‌టైమ్ కనిపించాయి. బ్రౌజర్‌లో 17 ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, సగం ఎవరు పెట్టారో తెలీదు. ‘నడుస్తున్నదాన్ని కెలకొద్దు’ అంటాడు తమ్ముడు. అన్నీ అప్‌డేట్ చేస్తే స్పీడు పెరుగుతుందా, లేక తీసిపారేయాలా? తీసేస్తే నాన్న టీచరుగా ఉన్న రోజుల్లో ఫ్లాష్‌లో తయారు చేసిన పాఠాలు పోతాయేమోనని ఇంకో భయం. మా ఆఫీసులో జావా లేకపోతే తెరుచుకోని పేజీ ఒకటి ఉంది. దానికోసం పాత బ్రౌజర్‌ను అలాగే ఉంచుకున్నాం. అది పర్వాలేదా?
– ఓ పాఠకురాలు

జవాబు: మిగతావన్నీ తర్వాత, ముందు ఆ మూలన వచ్చే బాక్స్ సంగతి చూద్దాం. అది అబద్ధం. అనుమానం అక్కర్లేదు, నూటికి నూరుపాళ్లూ అబద్ధమే. ఎందుకంటే ఒకప్పుడు వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, వీడియోలు, ఆటలు ఆడించిన ఫ్లాష్ ప్లేయర్‌కు ఇప్పుడు అప్‌డేట్ అనేదే లేదు. దాన్ని ఆపేస్తున్నామని అడోబీ 2017 జులైలోనే చెప్పి, 2020 డిసెంబర్ 31తో నిజంగానే ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే తనంతట తాను ఏదీ ఆడించకుండా మానుకునేలా ముందే ఏర్పాటు చేసింది కూడా. తయారుచేసినవాళ్లే చేతులు దులుపుకున్న సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఇస్తామని ఎవరో వచ్చి చెబుతున్నారంటే, వాళ్లు ఇచ్చేది ఇంకేదో అన్నమాట.

ఈ వేషం ఇప్పటిది కాదు. ఫ్లాష్ బతికున్న రోజుల్లోనే ఇది బాగా గిట్టుబాటైంది. 2017 అక్టోబర్‌లో రష్యా, ఉక్రెయిన్‌లలో ఎక్కువగా వ్యాపించిన ‘బ్యాడ్ ర్యాబిట్’ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం), హ్యాకయిన వార్తా సైట్లలో ఫ్లాష్ ఇన్‌స్టాలర్ రూపంలోనే కనిపించింది. నొక్కినవాళ్ల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. మ్యాక్‌లకు పట్టుకున్న ‘ష్లేయర్’ అనే హానికర ప్రోగ్రాం కూడా ఎక్కువగా ఈ దారినే వచ్చింది. కాబట్టి అమ్మగారిని ఏమీ అనకండి. ఇంతమందిని బోల్తా కొట్టించిన ఎత్తుగడ అది.

మూలన బాక్స్ వస్తోందన్నారు కదా, చాలావరకు అది ఏదో ఒక సైటుకు మీ బ్రౌజర్ ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి వల్ల వచ్చేది. ఎప్పుడో ఏదో పేజీలో ‘అనుమతించు’ అని నొక్కి ఉంటారు. అప్పటి నుంచి ఆ సైటు తెరవకపోయినా దాని ప్రకటనలు మూలన మొలుస్తుంటాయి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగానికి వెళ్లి, సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరిస్తే అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. అందులో మీకు తెలియనివన్నీ మొహమాటం లేకుండా తీసేయండి. బాక్స్ గోల చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

అయితే అమ్మగారు నొక్కారు కాబట్టి అంతటితో వదిలేయకూడదు. ముందు నాన్నగారి పాఠాలూ ఫొటోలూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి (ప్రోగ్రాములు, ఇన్‌స్టాలర్లు వద్దు, మీ ఫైళ్లు మాత్రమే). తర్వాత ఇంటర్నెట్ తీసేసి, కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను తేదీ వారీగా పేర్చి చూడండి. ఆమె నొక్కిన రోజుల్లో మీకు తెలియనిది ఏదైనా వచ్చి చేరిందేమో తెలుస్తుంది. ఉంటే తీసేయండి. ఆ తర్వాత విండోస్‌లోనే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ పూర్తిగా మొదలవక ముందే అది వెతుకుతుంది కాబట్టి, మామూలు స్కాన్‌కు కనబడకుండా దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. అలాగే బ్రౌజర్‌లో హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ మీకు తెలియకుండా మారాయేమో చూసుకోండి. పాస్‌వర్డ్‌లు మార్చేటప్పుడు మాత్రం ఆ కంప్యూటర్‌లో మార్చకండి. వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు. ఈమెయిల్ చేజిక్కితే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసుకోవచ్చు కాబట్టి ఆ వరుస. స్కాన్‌లో ఏదైనా తీవ్రమైనది దొరికితే శుభ్రం చేసుకుంటూ కూర్చోవడం కంటే విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. కాస్త శ్రమే, కానీ తర్వాత టెన్షన్ ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు రాసిన జాబితాలో రెండు వేరువేరు రకాలు కలిసిపోయాయి. ఫ్లాష్, జావా, సిల్వర్‌లైట్, క్విక్‌టైమ్ ప్లగిన్లు. ఆ 17 మాత్రం ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్ లోపలే నడిచే చిన్న చిన్న అదనపు ప్రోగ్రాములు. మాటల్లో రెంటినీ ప్లగిన్లనే అంటుంటాం, తప్పేమీ లేదు. కానీ ప్రమాదం రెండింటికీ ఒకలా ఉండదు, మందు కూడా ఒకటి కాదు.

ప్లగిన్ అంటే బ్రౌజర్‌కు చేతకాని పనిని చేసిపెట్టడానికి బయటి నుంచి తగిలించిన పూర్తి స్థాయి ప్రోగ్రాం. 1990లలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ వేసిన పద్ధతి అది. అప్పటి బ్రౌజర్లకు వీడియో చూపించడం రాదు, కదిలే బొమ్మలు ఆడించడం రాదు. ఆ పనులకు ఎవరి ప్రోగ్రాం వాళ్లు తెచ్చి పెట్టారు. చిక్కేమిటంటే ఆ ప్రోగ్రాం బ్రౌజర్ హద్దుల్లో ఉండదు. కంప్యూటర్‌లో మీరు ఏమేం చేయగలరో అవన్నీ అదీ చేయగలదు. ఫైళ్లు తెరవగలదు, కొత్త ప్రోగ్రాములు పెట్టగలదు. ఒక్క గది అద్దెకిచ్చి, ఇల్లంతటి తాళాల గుత్తీ వాళ్ల చేతికే ఇచ్చినట్టు. అద్దెకున్నవాళ్లు మంచివాళ్లే అయినా, గుత్తి ఎక్కడో పారేసుకుంటే ఇల్లు మీదే కదా.

పారేసుకోవడం ఎలా జరిగేదో కూడా చెబుతాను. ఒక పేజీ తెరవగానే మీ బ్రౌజర్‌లో ఏ ప్లగిన్లున్నాయో, చాలాసార్లు వాటి వెర్షన్ ఏమిటో కూడా, ఆ పేజీకి తెలిసేది. అది మామూలు సౌకర్యం కోసం పెట్టినదే. కానీ దొంగలు ‘ఎక్స్‌ప్లాయిట్ కిట్’ అనే సామగ్రి తయారు చేసుకున్నారు. పేరున్న సైటులోనే ఒక ప్రకటన చాటున కంటికి కనబడని చిన్న ఫ్రేమ్ పెడతారు. అది మీ ప్లగిన్ల జాబితా చదువుకుని, ‘ఈయన దగ్గర ఫలానా వెర్షన్ జావా ఉంది, దానికి ఫలానా లోపం ఉంది’ అని సరిపోయేదాన్ని ఏరుకుని వదులుతుంది. మీరు ఏదీ నొక్కక్కర్లేదు. పేజీ చూస్తే చాలు. ‘నేను అడ్డమైన సైట్లకూ వెళ్లను’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

2012లో మ్యాక్‌ల విషయంలో జరిగింది ఇదే. జావాలో ఒక లోపాన్ని, దాన్ని చూసుకునే ఒరాకిల్ కంపెనీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సరిచేసింది. కానీ మ్యాక్‌లకు జావాను అందించే పని ఆపిల్ చూసుకునేది, వాళ్ల అప్‌డేట్ ఏప్రిల్‌లో వచ్చింది. ఆ నడిమి వారాల్లో ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే ట్రోజన్ (మారువేషంలో చొరబడే హానికర ప్రోగ్రాం) సుమారు 6 లక్షల మ్యాక్‌లలోకి దూరింది. 2013 జనవరిలో జావాలో ఇంకో లోపం బయటపడ్డప్పుడు అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం, అప్‌డేట్ వచ్చాక కూడా, తప్పనిసరి అయితే తప్ప బ్రౌజర్‌లో జావాను ఆపేసే ఉంచమని చెప్పింది. ఒక ప్రభుత్వం అంత మాట అనడం చిన్న విషయం కాదు. 2015 జులైలో నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే ‘హ్యాకింగ్ టీమ్’ అనే ఇటలీ కంపెనీనే ఎవరో హ్యాక్ చేసి, 400 జీబీల ఫైళ్లు బయట పెట్టారు. అందులో అడోబీకి కూడా తెలియని ఫ్లాష్ లోపాలు దొరికాయి. కొద్ది రోజుల్లోనే అవి దొంగల కిట్లలో చేరిపోయాయి. కొత్త వెర్షన్ వచ్చేదాకా ఫైర్‌ఫాక్స్ తన వినియోగదారులందరికీ ఫ్లాష్‌ను తనంతట తానే అడ్డుకుంది.

మీ తమ్ముడి మాట దగ్గరికి వస్తాను. నడుస్తున్నదాన్ని కెలకొద్దు అనడం చాలా యంత్రాల విషయంలో మంచి సలహానే. ఇక్కడ ఎందుకు పనికిరాదంటే, లోపం దానంతటది ముదిరేది కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ మీ ప్లగిన్‌లో ఒక్క అక్షరం మారదు. మారేది బయటివాళ్లకు తెలిసినది. కంపెనీ ఒక లోపాన్ని సరిచేసి కొత్త వెర్షన్ వదిలిన రోజునే, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ మార్చారో వెతికేవాళ్లు ఉంటారు. మార్చిన చోటే లోపం ఉన్న చోటు. అంటే అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచి, అప్‌డేట్ చేసుకోనివాళ్లకు ప్రమాదం అంతకుముందు కంటే పెరుగుతుంది. ఏదీ ముట్టుకోకపోయినా, మీ కంప్యూటర్ నిన్నటి కంటే ఇవాళ బలహీనమే.

అలాగని అన్నీ అప్‌డేట్ చేసేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. మీ దగ్గర జావా రెండు వెర్షన్లు ఉన్నాయన్నారు. అది మీ అజాగ్రత్త కాదు. జావా ఇన్‌స్టాలర్ చాలా ఏళ్లపాటు కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతవాటిని పూర్తిగా తీసేది కాదు. అప్‌డేట్ చేస్తే సురక్షితం అని వినియోగదారులకు చెబుతూ, పాత వెర్షన్లు లోపలే మిగిలిపోతాయన్న సంగతి సరిగా చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒరాకిల్ మీద అభియోగం మోపింది. 2015 డిసెంబర్‌లో ఒరాకిల్ రాజీకి వచ్చింది. బుద్ధిగా ప్రతి అప్‌డేటూ చేసుకున్నవాళ్ల కంప్యూటర్లలో కూడా పాత లోపాలు అలాగే కూర్చున్నాయన్నమాట.

అందుకని ఇది పాతదా, కొత్తదా అని అడగడం కంటే, దీన్ని ఇప్పుడు ఎవరైనా చూసుకుంటున్నారా, ఆ చూసుకునేవాళ్లు ఎవరు అని అడగమంటాను. ఎవరూ చూసుకోనిదాన్ని అప్‌డేట్ చేయడం కుదరదు, తీసేయడమే.

ఆ లెక్కన మీ జాబితా చూస్తే ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. ఫ్లాష్ సంగతి చెప్పాను. విండోస్ 10తో పాటే వచ్చిన ఫ్లాష్‌ను 2021 అప్‌డేట్లలో మైక్రోసాఫ్టే తీసేసింది కాబట్టి, ఇంకా కనిపిస్తోందంటే మీరు విడిగా పెట్టుకున్నదైనా అయ్యుండాలి, లేదా విండోస్ అప్‌డేట్లు చాన్నాళ్లుగా ఆగిపోయి ఉండాలి. రెండోదైతే అది ఫ్లాష్ కంటే పెద్ద సమస్య. సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2021 అక్టోబర్ 12తో ముగిసింది. విండోస్ మీద క్విక్‌టైమ్‌ను ఆపిల్ 2016లోనే వదిలేసింది. అప్పటికే తెలిసిన రెండు లోపాలను కూడా సరిచేయకుండా వదిలేసింది. ఈ మూడూ తీసేయండి. జావా విషయం కొంచెం వేరు. జావా భాష చక్కగా బతికే ఉంది, దాన్ని చూసుకునేవాళ్లూ ఉన్నారు. చచ్చిపోయింది బ్రౌజర్‌లో నడిచే దాని ప్లగిన్. 2018లో వచ్చిన జావా 11లో ఆ ప్లగిన్ అసలు లేనేలేదు. ఇంట్లో జావాతో నడిచే ప్రోగ్రాం ఏదీ లేకపోతే రెండు వెర్షన్లూ తీసేయండి. ఉంటే కొత్తది ఒక్కటి ఉంచండి.

‘ఇప్పటి బ్రౌజర్లు ప్లగిన్లను నడపవు కదా, అక్కడ పడి ఉంటే ఏం?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఫ్లాష్ తప్ప మిగతా ప్లగిన్లకు తలుపులు మూశాయి. 2021 జనవరికి ఫ్లాష్‌కూ మూసేశాయి. అయినా ప్లగిన్‌ను పిలిచేది బ్రౌజర్ ఒక్కటే కాదు. 2018 మొదట్లో ఫ్లాష్‌లోని ఒక లోపాన్ని ఎక్సెల్ ఫైళ్లలో దాచి మరీ పంపారు. ఫైలు తెరిస్తే చాలు, ఫ్లాష్ లేచి పనిలోకి దిగేది. వాడనిది కంప్యూటర్‌లో ఎక్కడున్నా ఒక అదనపు దారే.

ఇప్పుడు స్పీడు. ఇక్కడ మీకు కాస్త నిరాశ కలిగించక తప్పదు. ఈ నాలుగు ప్లగిన్లూ తీసేసినంత మాత్రాన బ్రౌజర్ పరుగులు పెట్టదు. ఎందుకంటే కొత్త బ్రౌజర్‌లో అవి నడవడమే లేదు. ఒకప్పుడైతే నిజంగానే ప్లగిన్లు ప్రాణం తీసేవి. ఫ్లాష్ ఒక్కటి స్తంభించిపోతే బ్రౌజర్ మొత్తం స్తంభించేది, తెరిచి ఉన్న ట్యాబ్‌లన్నీ పోయేవి. ఆ బాధ పడలేకే 2010లో ఫైర్‌ఫాక్స్ ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లోకి నెట్టింది. అప్పటి టాస్క్ మేనేజర్‌లో ‘ప్లగిన్ కంటెయినర్’ అనే పేరు చూసి ఇది వైరసేమోనని కంగారుపడినవాళ్లు ఎంతమందో. ఇప్పుడు ఈ పాత ప్రోగ్రాముల వల్ల పడే భారం వేరే చోట ఉంది. వాటి అప్‌డేట్ చెకర్లు కంప్యూటర్ మొదలవగానే లేచి కూర్చుంటాయి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిస్తే జావావి, అడోబీవి, క్విక్‌టైమ్‌వి వరసగా కనిపిస్తాయి. ప్రోగ్రాములు తీసేస్తే ఇవీ పోతాయి. కంప్యూటర్ మొదలవడం కొంచెం చురుగ్గా ఉంటుంది, అంతే.

ఫ్యాన్ హోరుకు నా అనుమానం ఆ 17 ఎక్స్‌టెన్షన్ల మీద. వాటిలో చాలావాటికి ‘అన్ని సైట్లలోని మీ డేటాను చదవడం, మార్చడం’ అనే అనుమతి ఉంటుంది. అంటే మీరు తెరిచే ప్రతి పేజీలోకీ ఒక్కొక్కటీ తన కోడ్‌ను జొప్పిస్తుంది. పేజీ సిద్ధమవుతున్న కొద్దీ అవన్నీ దాన్ని తడుముతూ ఉంటాయి. పది ట్యాబ్‌లు తెరిస్తే పదింటిలోనూ అదే తంతు. ఒకటి ధరలు పోలుస్తుంది, ఒకటి అనువదిస్తుంది, ఒకటి రంగులు మారుస్తుంది. ప్రకటనలు అడ్డుకునేవి రెండున్నాయనుకోండి, ఒకదాని వెనక ఒకటి ఒకే పనిని రెండుసార్లు చేస్తాయి. మంచి యాడ్ బ్లాకర్ ఒక్కటే ఉంటే పేజీ తేలికవుతుంది. రెండు పెడితే ఆ లాభం కాస్తా పోతుంది.

ఇది నిజమో కాదో తేల్చుకోవడం సులువే. బాగా నెమ్మదిగా వచ్చే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ చకచకా వచ్చిందంటే దొంగ ఎవరో చాలావరకు దొరికినట్టే. ఫైర్‌ఫాక్స్ అయితే సహాయం మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. ఆ తర్వాత క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ తింటోందో పేరుతో సహా చూపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ప్రాసెసర్‌ను వదలనిది ఏదైనా కనిపిస్తే ముందు దాన్నే ఆపండి. ఏ పేజీ తెరవకపోయినా యంత్రం వేడెక్కుతోందంటే, మీకు తెలియకుండా ఎవరి కోసమో క్రిప్టో నాణేల లెక్కలు చేస్తున్న ఎక్స్‌టెన్షన్ అయ్యుండొచ్చు. అలాంటివీ దొరికాయి మరి.

భద్రత విషయంలో ఎక్స్‌టెన్షన్లు ప్లగిన్లకు తలకిందులు. ప్లగిన్‌కు అప్‌డేట్ రాకపోవడం ప్రమాదమైతే, ఎక్స్‌టెన్షన్‌కు అప్‌డేట్ రావడమే ఒక్కోసారి ప్రమాదం. అవి మిమ్మల్ని అడక్కుండానే అప్‌డేట్ అయిపోతాయి. ‘ద గ్రేట్ సస్పెండర్’ అని ఒకటి ఉండేది. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది, లక్షలాది మంది ఇష్టంగా వాడారు. 2020లో దాని అసలు రచయిత దాన్ని వేరొకరికి ఇచ్చేశారు. పేరు అదే, బొమ్మ అదే, లోపల మనిషి మారాడు. ఆ తర్వాతి వెర్షన్లలో అనుమానాస్పదమైన కోడ్ ఉందని గోల మొదలైంది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ అంటూ తీసేసింది. ఇంకోటి, 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవన్ అనే కంపెనీది. డేటా చోరీ కాకుండా చూడటమే వాళ్ల వ్యాపారం. వాళ్ల ఉద్యోగి ఒకరు నమ్మించి మోసం చేసే ఫిషింగ్ మెయిల్‌కు దొరికిపోతే, దాడి చేసినవాళ్లు ఆ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కే దొంగ అప్‌డేట్ ఎక్కించారు. క్రిస్మస్ సెలవుల్లో అది వాడుతున్నవాళ్ల బ్రౌజర్లలోకి దానంతటదే వచ్చి చేరింది.

దీనికి విరుగుడుగా అప్‌డేట్లు ఆపేసుకోమని నేను చెప్పను, అది ఇంకా నష్టం. ఎక్స్‌టెన్షన్ల సంఖ్య తగ్గించుకోండి. పదిహేడింటిలో అమ్మగారు నిజంగా ఏం వాడుతున్నారో అడగండి. రెండో మూడో తేలతాయి. మిగతావి ఆపి ఊరుకోకుండా పూర్తిగా తీసేయండి. ఆపినది ఎప్పుడో ఒకరోజు ఎవరి చేతో మళ్లీ మొదలవుతుంది. ఉంచినవాటికి వివరాల్లోకి వెళ్లి, సైట్ యాక్సెస్ దగ్గర ‘అన్ని సైట్లలో’ అన్నది మార్చి ‘క్లిక్ చేసినప్పుడు మాత్రమే’ అని పెట్టండి. అనువాదం చేసేదానికి మీ బ్యాంకు పేజీతో పనేముంది? ‘ఈ ఎక్స్‌టెన్షన్‌కు ఇక మద్దతు లేదు’ అనో, ‘స్టోర్ నుంచి తొలగించారు’ అనో బ్రౌజర్ చెబితే ఇంక ఆలోచించకండి. ఇలా ఏరేసరికి ఫ్యాన్ హోరు కూడా తగ్గుతుందనే నా నమ్మకం.

తగ్గకపోతే బ్రౌజరే పాతదేమో చూడండి. మీ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7 అయితే క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయి ఉంటుంది, అంతకు మించి దానికి అప్‌డేట్ రాదు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు అయిపోయింది. యంత్రం బాగానే ఉండి విండోస్ 11కు పనికిరాకపోతే, అమ్మగారు వాడేది బ్రౌజర్ ఒక్కటే అయితే, విండోస్‌కు బదులు తేలికైన లినక్స్ ఏదైనా పెట్టి చూడండి. అలవాటు పడటానికి కొన్ని రోజులు గొణుక్కుంటారు, తర్వాత తేడా కూడా గుర్తుండదు.

ఆఫీసు పేజీ సంగతి. పాత బ్రౌజర్‌ను అదే కంప్యూటర్‌లో ఉంచుకుని, దాంతోనే అప్పుడప్పుడు మెయిల్ కూడా చూసుకుంటుంటే మాత్రం అస్సలు పర్వాలేదు అనలేను. ఇలా ఇరుక్కున్నది మీరొక్కరే కాదు. ఫ్లాష్ ఆగిపోయాక దక్షిణాఫ్రికా పన్నుల శాఖ, ఫారాలు ఇంకా ఫ్లాష్‌లోనే ఉండిపోవడంతో, వాటికోసం 2021 జనవరిలో సొంత బ్రౌజర్‌నే విడుదల చేసింది. పేజీని మార్చడం మానేసి, పేజీ కోసం బ్రౌజర్‌ను తయారుచేశారు!

మీ చేతిలో ఉన్నది ఇదీ. ఆ పేజీకి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో ఉండే ఐఈ మోడ్ (పేజీలను పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా తెరిచేది) సరిపోతుందేమో మీ ఐటీ వాళ్లతో చూపించండి. కనీసం 2029 దాకా దాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఏ పేజీలు ఆ మోడ్‌లో తెరవాలో జాబితాగా ఇవ్వొచ్చు, మిగతావన్నీ మామూలు ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి. అలాగే జావా కంట్రోల్ ప్యానెల్‌లో మినహాయింపు సైట్ల జాబితా ఉంటుంది. అందులో ఆ ఒక్క చిరునామానే పెట్టాలి. జావా సెక్యూరిటీని మొత్తంగా తగ్గించడానికి ఎవరైనా చూస్తే ఒప్పుకోకండి. అదీ కుదరకపోతే ఆ పేజీ కోసం ఒక కంప్యూటర్‌నో, వర్చువల్ మెషీన్‌నో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) కేటాయించి, దానికి ఆ సర్వర్ తప్ప బయటి ఇంటర్నెట్ అందకుండా చేయమనండి. పై అధికారులను ఒప్పించాల్సి వస్తే, భద్రత గురించి ఉపన్యాసం ఇవ్వకండి, ఎవరూ వినరు. ఆ కంప్యూటర్ ఒకరోజు మొరాయిస్తే ఏ పని ఆగిపోతుందో, ఆ పాత జావా, పాత బ్రౌజర్ మళ్లీ ఎక్కడ దొరుకుతాయో అడగండి. ఆ ప్రశ్నకే ఫైలు కదులుతుంది.

చివరగా నాన్నగారి పాఠాలు. ఫ్లాష్ ప్లేయర్ తీసేస్తే ఆయన ఫైళ్లు పోవు. అవి వేరు, వాటిని ఆడించే ప్లేయర్ వేరు. ఆయన ఫోల్డర్లలో ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ముగిసేవి ఆడే ఫైళ్లు, ఎఫ్‌ఎల్‌ఏ అని ముగిసేవి ఆయన కూర్చుని తయారుచేసుకున్న అసలు ప్రతులు. రెండూ భద్రపరచండి, రెండోవి మరీ ముఖ్యం. ఆడించడానికి ‘రఫుల్’ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. ఇది ఫ్లాష్ కాదు, ఫ్లాష్ ఫైళ్లను చదవడానికి వేరేవాళ్లు రస్ట్ భాషలో మొదటి నుంచి రాసిన ప్రోగ్రాం. చురుగ్గా చూసుకుంటున్నవాళ్లు ఉన్నారు. పాత వెబ్ సైట్లనూ ఫైళ్లనూ దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి పాత ఫ్లాష్ బొమ్మలనూ ఆటలనూ దీంతోనే చూపిస్తోంది. కంప్యూటర్‌లో మామూలు ప్రోగ్రాంలా పెట్టుకుని, ఫైలును దాంతో తెరిస్తే చాలు. ఎక్స్‌టెన్షన్‌గా కూడా దొరుకుతుంది కానీ, పదిహేడు ఏరేసిన చేత్తోనే ఇంకోటి పెట్టమని నేను అనను.

పాఠాలు 2006కు ముందువైతే దాదాపు అన్నీ చక్కగా ఆడతాయి, అప్పటి ఫ్లాష్ స్క్రిప్టు రఫుల్‌కు బాగా వచ్చు. ఆ తర్వాత వచ్చిన మూడో తరం స్క్రిప్టుతో చేసినవి కొన్ని ఆడతాయి, కొన్ని సగంలో ఆగుతాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆగినవాటిని మళ్లీ ప్రయత్నించండి. నాన్నగారు కొన్నింటిని ఈఎక్స్‌ఈ ఫైళ్లుగా కూడా దాచి ఉండొచ్చు. వాటిలో ప్లేయర్ లోపలే ఉంటుంది కాబట్టి ఏ ప్లగిన్ లేకుండానే నడుస్తాయి. ఆయన సొంత సీడీలోవైతే, స్కాన్ చేసి, ఇంటర్నెట్ లేని యంత్రంలో తెరవండి. కేవలం చూసే పాఠాలైతే ఆడుతున్నప్పుడు స్క్రీన్ రికార్డు చేసి వీడియోగా కూడా ఉంచుకోవచ్చు. పిల్లలు జవాబు నొక్కితే మార్కులు వేసే రకం ఉంటే వాటికి వీడియో చాలదు, రఫుల్‌లోనే ఉంచండి. ఏ పాఠం ఎక్కడ ఆగుతోందో నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే తొందరగా తెలుస్తుంది.